డి10 వెన్ను దెబ్బ తర్వాత డిస్కస్ కుర్రాడు మళ్లీ పోటీలకు: సీటెడ్ త్రో ఎక్కడ మొదలుపెట్టాలి?

పొదిలి_పీఈటీ:
అందరికీ నమస్కారం. మా స్కూల్లో చదివి జూనియర్స్‌లో జిల్లా తరఫున డిస్కస్, షాట్‌పుట్ ఆడిన కుర్రాడి గురించి అడుగుతున్నాను. వయసు 22, కుడిచేతి వాటం. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలో పైనుంచి పడ్డాడు. వెన్నుకు రాడ్లు, స్క్రూలు వేశారు. డిశ్చార్జి కాగితంలో "డి10 కంప్లీట్" అని రాశారు, అంటే ఛాతీ వెనక వెన్నులో పదో పూస దగ్గర దెబ్బ, దాని కింద కదలిక, స్పర్శ పూర్తిగా లేవని. ఇప్పటికి పద్నాలుగు నెలలు. వీల్‌చైర్ తనే తోసుకుంటాడు, మంచం మీద నుంచి కుర్చీలోకి తనే మారతాడు. మూత్రానికి రోజుకి నాలుగు సార్లు గొట్టం వేసుకుంటాడు. కాళ్లు అప్పుడప్పుడు బిగుసుకుని ఎగురుతుంటాయి. చేతుల్లో బలం బాగుంది. విసరడం మళ్లీ మొదలుపెడతానని పట్టుబడుతున్నాడు.

పారా పోటీల్లో వైకల్యాన్ని బట్టి ఇచ్చే క్లాసుల్లో ఎందులో పడతాడు? కూర్చుని విసిరే ఫ్రేమ్ (నేలకి బిగించే ఇనుప సీటు) మన వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చా, కొలతలేంటి? ఆర్నెల్ల తర్వాత స్టేట్ మీట్‌కి పంపాలంటే సాధనకి ముందు ఏమేం చూసుకోవాలి? విన్నవి కాకుండా తెలిసినవాళ్లు చెబితే మేలు.

నెల్లూరు_ఫిజియో:
సార్, ఫ్రేమ్ సంగతి తర్వాత. ముందు మూడు పరీక్షలు కానివ్వండి.

మొదటిది వెన్ను. ఆపరేషన్ చేసిన డాక్టరుకే కొత్త ఎక్స్‌రే చూపించి "నడుము తిప్పి బలంగా విసరొచ్చా" అని సూటిగా అడిగి, కాగితం మీద రాయించుకోండి. "ఆటలు ఆడొచ్చు" అనే మాట చాలదు. డిస్కస్‌లో వెన్ను మెలితిరుగుతుంది, ఆ మెలి ఒత్తిడి రాడ్ల చివర ఉన్న స్క్రూల మీద పడుతుంది. ఎముక అతుక్కోకుండా మొదలుపెడితే స్క్రూ వదులవ్వడమో, రాడ్ విరగడమో జరుగుతుంది. కిందిభాగంలో స్పర్శ లేదు కాబట్టి నొప్పి కూడా సరిగ్గా తెలియకపోవచ్చు.

రెండోది కాళ్ల ఎముకలు. పక్షవాతం వచ్చిన కాళ్లలో మొదటి రెండేళ్లలో ఎముక చాలా పలచబడుతుంది, ముఖ్యంగా మోకాలి చుట్టూ. ఫ్రేమ్ మీదకి ఎక్కించేటప్పుడు పాదం ఫుట్‌ప్లేట్‌లో (పాదాలు పెట్టే పలకలో) ఇరుక్కుని, ఒళ్లు ఒకవైపు తిరిగితే చాలు, తొడ ఎముక మోకాలి పైన విరుగుతుంది. కుర్రాడు "అబ్బా" కూడా అనడు. సాయంత్రానికి మోకాలు వాచి, వేడిగా ఉంటే ఎక్స్‌రే తీయించండి. రక్తం గడ్డకట్టినా అలాగే కనిపిస్తుంది కాబట్టి పిసకడం, నూనె పెట్టి తోమడం వద్దు. డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత పరీక్ష) నెల్లూరులో గానీ చెన్నైలో గానీ ఒకసారి చేయించండి. వెల్లూరు సీఎంసీ వాళ్ల బాగాయం పునరావాస కేంద్రానికి వెళ్లే వీలుంటే ఇవన్నీ ఒకే చోట చూస్తారు.

మూడోది చర్మం. మొత్తం ఆట దీని మీదే ఆధారపడి ఉంది. కూర్చునే రెండు ఎముకల దగ్గర, తోక ఎముక దగ్గర పొద్దున ఒకసారి, సాధన అయ్యాక ఒకసారి అద్దం పెట్టి చూడాలి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడుతోందా చూడండి. అరగంటకి కూడా ఎరుపు పోకపోతే ఆ రోజు ఇక కూర్చోకూడదు, బోర్లా పడుకోవడమే. చిన్న పుండే అనుకుని ఫ్రేమ్ ఎక్కిస్తే నెలలు మంచానికి పోతాయి, స్టేట్ మీట్ కూడా దాంతోనే పోతుంది. మామూలుగా కుర్చీలో ఉన్నప్పుడు ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకి ఒకసారి ఛాతీ తొడల మీదకి వంచి రెండు నిమిషాలు ఉండాలి. చేతులతో పైకి లేపి పది సెకన్లు నిలిచే పద్ధతి చాలామంది నేర్పుతారు. అంత తక్కువ సేపట్లో రక్తం తిరిగి రాదు, పైగా భుజాలు అరుగుతాయి. నాకైతే ఆ పద్ధతి నచ్చదు.

మూత్రం సంగతి. నాలుగు సార్లంటే దాదాపు ఆరుగంటలకోసారి. ఒక్కోసారి 500 మిల్లీలీటర్లు దాటుతోందేమో కొలగ్లాసుతో చూడండి. దాటుతుంటే ఐదోసారి వేసుకోవాలి. పోటీ రోజున గొట్టం బెడద తప్పుతుందని నీళ్లు మానేసేవాళ్లున్నారు. ఎండలో అది ఇన్‌ఫెక్షన్‌కీ రాళ్లకీ దారి. ఫ్రేమ్‌కి కట్టే ముందు బ్లాడర్ ఖాళీ చేసుకోవాలి, ఇంకో దారి లేదు.

ఇంకోటి, బ్లాడర్‌కి ఆక్సీబ్యూటినిన్, టోల్టెరోడిన్ లాంటి మాత్రలు వాడుతుంటే చెమట తగ్గుతుంది. దెబ్బ కిందిభాగంలో ఎలాగూ చెమట పట్టదు. మన ఏప్రిల్, మే ఎండల్లో రెండూ కలిస్తే ఒళ్లు పొయ్యిలా కాగుతుంది. పొద్దున ఏడున్నరకల్లా సాధన ముగించండి, స్ప్రే సీసాలో నీళ్లు పెట్టుకుని మెడ, చేతులు తడుపుతూ ఉండండి.

ఫీల్డ్_జడ్జి:
క్లాస్ గురించి. వెన్ను దెబ్బవాళ్లకి కూర్చుని విసిరే క్లాసులు ఎఫ్51 నుంచి ఎఫ్57 దాకా. అంకె తగ్గేకొద్దీ సమస్య ఎక్కువ. ఎఫ్54 అంటే చేతులు పూర్తిగా పనిచేస్తాయి, నడుము, పొట్ట కండరాలు పనిచేయవు. ఎఫ్55లో నడుము కొంత పనిచేస్తుంది. డి8 నుంచి ఎల్1 (నడుములో మొదటి పూస) మధ్య దెబ్బలు సాధారణంగా ఎఫ్55లోకి వస్తాయి. కాబట్టి మీ కుర్రాడు ఎఫ్55 అనుకుని మొదలుపెట్టండి. కానీ కాగితం చూసి క్లాస్ ఇవ్వరు. బల్ల మీద ఒక్కో కండరానికి 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు, కూర్చోబెట్టి ముందుకీ పక్కకీ వంచి చూస్తారు, ఫ్రేమ్ మీద విసరమంటారు, పోటీలో కూడా గమనిస్తారు. కొత్తగా దెబ్బ తగిలినవాళ్లకి "మళ్లీ చూడాలి" అనే స్టేటస్ పెట్టడం మామూలే. బల్ల మీద నడుము చచ్చినట్టు పడుకుని, ఫ్రేమ్ మీద గిర్రున తిరిగితే అది మోసం కింద లెక్క, ఏళ్ల తరబడి నిషేధం పడుతుంది. కింద క్లాస్ వస్తే పతకం సులువని చెవిలో ఊదేవాళ్లు ఉంటారు, కుర్రాణ్ని వాళ్లకి దూరంగా ఉంచండి.

ఎంఆర్ఐ, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, న్యూరో పరీక్ష చార్టు, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), పుట్టినతేదీ రుజువు ఒక ఫైల్లో పెట్టుకోండి. సదరం (వైకల్య సర్టిఫికెట్) శాతానికీ క్రీడల క్లాస్‌కీ సంబంధం లేదు. సదరంలో 90 శాతం అని ఉంది కదా, తక్కువ క్లాస్ ఇవ్వరా అని క్లాసిఫయర్లతో (క్లాస్ నిర్ణయించేవాళ్లతో) వాదించేవాళ్లు ప్రతి మీట్‌లోనూ కనిపిస్తారు. సదరం శాతం పింఛనుకి, రాయితీలకి.

బరువులు: ఎఫ్55 పురుషులకి షాట్ 4 కిలోలు, డిస్కస్ 1 కిలో, జావెలిన్ 600 గ్రాములు. 1.75 కిలోల జూనియర్ డిస్కస్ విసిరిన చేతికి 1 కిలో బొమ్మలా అనిపిస్తుంది. అక్కడే తొందరపడతారు. తేలిక డిస్కస్‌ని చేతి బలంతో ఊడదీసి విసిరితే భుజం ముందుభాగం పోతుంది.

ఫౌల్ ఎక్కడ పడుతుందో చెప్తాను. చేతిలోంచి వస్తువు వదిలేదాకా పిరుదులు సీటుని వదలకూడదు, మోకాలి వెనక నుంచి కూర్చునే ఎముక దాకా తొడ సీటుకి ఆని ఉండాలి. నిలబడి విసిరి అలవాటైనవాళ్లు చివర్లో లేచి తోయాలని చూస్తారు. కాళ్లు రాకపోయినా ఫ్రేమ్‌కి ఉండే కడ్డీ పట్టుకుని ఒళ్లు పైకి లాగుతారు, కుడి పిరుదు ఒక వేలెడు లేస్తుంది, జడ్జి ఎర్రజెండా ఎత్తుతాడు. ఫోన్‌ని సీటు ఎత్తులో పక్కన పెట్టి స్లో మోషన్‌లో తీసి చూపించండి, ఒకపట్టాన నమ్మరు.

సీటెడ్‌లో ట్రయల్స్ (లెక్కకొచ్చే విసుర్లు) అన్నీ వరుసగా విసిరేస్తారు, మధ్యలో వేరేవాళ్ల వంతు రాదు. ఒక్కోదానికి ఒక నిమిషం. ఫ్రేమ్ సర్కిల్‌లో బిగించి, మనిషిని కట్టి, వార్మప్ విసుర్లు విసరడానికి కూడా సమయం లెక్కే. అది దాటితే మొదటి ట్రయల్ గడియారం మొదలైపోతుంది. అందుకే కట్టడాన్ని కూడా స్టాప్‌వాచ్ పెట్టి సాధన చేయించాలి.

త్రోస్_అన్న:
పీఈటీ సార్, ఫ్రేమ్ చీమకుర్తిలోనే చేయించుకోవచ్చు. క్వారీ మిషన్లకి పనిచేసే వెల్డింగ్ మేస్త్రీలకి ఇదేం పెద్ద పని కాదు. కాకపోతే కొలతలు మీరు దగ్గరుండి చూస్కోవాల. మేస్త్రీ తన అందం కోసం వంపులు తిప్పితే కాల్‌రూమ్‌లో (పోటీకి ముందు ఆటగాళ్లనీ సామాన్లనీ చూసే గదిలో) పక్కన పెట్టేస్తారు.

నియమం ఏందంటే, సీటు ఎత్తు దిండుతో కలిపి 75 సెంటీమీటర్లు దాటకూడదు. మీరు 73కే ఆపండి. వెల్డింగ్ వేడికి ఫ్రేమ్ కాలు ఒకటి అర సెంటీమీటరు తేడా వచ్చిద్ది, కొలిచేచోట నేల కూడా సమంగా ఉండదు. ఐదు సెంటీమీటర్ల గట్టి ఫోమ్ వేసేట్టయితే ఇనుప సీటు 68 దగ్గర ఉండాల. సీటు చతురస్రమో దీర్ఘచతురస్రమో, ఏ వైపూ 30 సెంటీమీటర్లకి తగ్గకూడదు. 40 బై 40 పెట్టుకోండి. సీటు సమంగానైనా ఉండాల, వెనక్కి వాలైనా ఉండాల, ముందుకి వాలకూడదు. ఈ కుర్రాడికి నడుము సగమే పనిచేస్తది కాబట్టి ముందుభాగం రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు పెడితే మోకాళ్లు పైకొచ్చి నిలకడ వచ్చిద్ది. కొలిచేటప్పుడు ఆ ఎత్తు భాగమే లెక్క, మర్చిపోవద్దు.

ఫ్రేమ్ కాళ్లకీ చట్రానికీ 40 మిల్లీమీటర్ల చదరపు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) ట్యూబు, మందం రెండు నుంచి రెండున్నర. పలచటిది వేస్తే ఆర్నెల్లకి వెల్డు పక్కనే పగిలిద్ది. పట్టుకునే కడ్డీ ఒకే ముక్క, నిటారుగా, గుండ్రంగానో చదరంగానో ఉండాల. కోలగా నొక్కింది, వంచింది, కీలు పెట్టింది, స్ప్రింగు పెట్టింది పనికిరాదు. 38 మిల్లీమీటర్ల పైపు, మందం మూడు. కింద సీటు చట్రానికి రెండు వైపులా త్రికోణం పలకలు వేసి అతికించమనండి, బలమంతా అక్కడే పడేది.

కడ్డీ ఎక్కడ పెట్టాలనేది కాగితం మీద తేలదు. కుర్రాణ్ని ఫ్రేమ్ మీద కూర్చోబెట్టి, పైపుని రెండు సీ క్లాంపులతో తాత్కాలికంగా బిగించి, ఎడమచెయ్యి కొద్దిగా మోచేయి వంగేట్టు భుజానికీ కంటికీ మధ్య ఎత్తులో పట్టుకోనివ్వండి. డిస్కస్ వెనక్కి తీసుకుని ముందుకి తెచ్చేటప్పుడు కుడిచెయ్యి కడ్డీకి తగలకూడదు. మొదట సెక్టార్‌కి (విసిరింది పడాల్సిన రెండు గీతల మధ్య చోటుకి) ఎదురుగా, తర్వాత ఫ్రేమ్‌ని కుడివైపుకి 30, 45 డిగ్రీలు తిప్పి విసిరించండి. ఎటు నుంచి నడుము ఎక్కువ తిరుగుతోందో చూసి, ఒక వారం అట్టాగే విసిరించి, అప్పుడు పర్మనెంట్ వెల్డు. కాళ్లతో తోసే పని ఇప్పుడు ఎడమచేతిది. అది కడ్డీని లాగితేనే కుడి భుజం ముందుకొచ్చేది.

వెనక ఆనుకునే పలక భుజం ఎముకల కిందికే ఆపాల, పైకి పెడితే తిరగనివ్వదు. పక్క పలకలు గట్టివే ఉండాల, కదలకూడదు. వెనక పలకకి మెత్త వేస్తే ఐదు సెంటీమీటర్లు దాటనివ్వద్దు. ఫుట్‌ప్లేట్ అంచులన్నీ రుద్దించి, పాత సైకిల్ ట్యూబు చుట్టించండి. పాదం కోసుకుపోయినా తెలియదు పాపం.

కట్టే బెల్టులు సాగకూడదు. కారు సీటు బెల్టు పట్టీలు సరిపోతాయి. ఒకటి తొడల మొదట్లో, ఒకటి మోకాళ్ల పైన, ఒకటి పాదాల మీద. ఎముక మీద కాకుండా కండ మీద పడేట్టు, కింద ఫెల్టు మెత్త వేసి కట్టండి. ఫ్రేమ్‌ని నేలకి బిగించడానికి లారీవాళ్ల రాచెట్ బెల్టులు నాలుగు. మనిషికి మాత్రం రాచెట్ వాడొద్దు, ఎంత బిగిసిందో కట్టేవాడికి తెలియదు, కట్టించుకునేవాడికీ తెలియదు.

నేల సంగతి. మీ స్కూల్లో సిమెంట్ సర్కిల్ ఉంటే అంచుకి దగ్గరగా, లోపలే, ఆరు కొక్కేల బోల్టులు గుంతలో దించి పోయించండి, పైకి తేలితే మామూలు పిల్లలకి కాలు తగిలిద్ది. ఫుట్‌ప్లేట్‌తో సహా ఫ్రేమ్ మొత్తం సర్కిల్ లోపలే ఉండాల. సిమెంట్ లేకపోతే యాంగిల్ ఇనుప మేకులు ముప్పాతిక మీటరువి, ఫ్రేమ్‌కి ఎదురు వాలుగా కొట్టండి. పొదిలి వైపు గట్టి గరపనేలలో నిలుస్తాయి. కావలి, కోవూరు తట్టు ఇసుక నేలల్లో మాత్రం నాలుగో విసురుకే ఊడొస్తాయి, అక్కడ సిమెంట్ దిమ్మ తప్పదు.

ఫ్రేమ్‌కి నల్ల పెయింటు వెయ్యొద్దు. ఎండలో ఒక గంట ఉంచితే దాని మీద దోసె పొయ్యొచ్చు. స్పర్శ లేని తొడ ఆ ఇనుముకి తగిలితే బొబ్బలే. తెల్ల పెయింటు వేసి, వంతు వచ్చేదాకా తడి గోనెసంచి కప్పి, ఎక్కించే ముందు మీ చేత్తో అంతా తడిమి చూడండి.

కావలి_క్రీడాభిమాని:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఫ్రేము, బెల్టులు, బోల్టులు ఇంత గొడవ ఎందుకు? పారా పవర్‌లిఫ్టింగ్ అయితే బెంచీ ఉంటే చాలు కదా. అలాగే మా వీధిలో ఒకబ్బాయికి మెడ దగ్గర సి6 దెబ్బ, వేళ్లు పట్టు లేదు. అలాంటివాళ్లకి త్రోస్‌లో ఏమైనా ఉందా?

త్రోస్_అన్న:
పవర్‌లిఫ్టింగ్ మంచిదే గానీ "బెంచీ చాలు" అనుకోవద్దు. మామూలు జిమ్ బెంచీ సన్నంగా ఉంటది, కాళ్లు కిందకి వేలాడతాయి. పోటీ బెంచీ పొడవు 2.1 మీటర్లు, వెడల్పు 61 సెంటీమీటర్లు, తలవైపు 30కి సన్నబడిద్ది. కాళ్లు చాపి దాని మీదే కట్టుకోవాల, బార్ ఛాతీ మీద ఆగాల. జిమ్ బెంచీ మీద బిగుసుకునే కాళ్లతో పడుకుంటే దొర్లి పడతారు. ఈ కుర్రాడి చేతికి డిస్కస్ వచ్చు కాబట్టి నా ఓటు త్రోస్‌కే. బెంచ్ ప్రెస్ సాధనలో భాగంగా ఎట్టాగూ ఉంటది.

కాకపోతే ఒక లెక్క. తోసే వ్యాయామం ఒకటైతే లాగేవి రెండు ఉండాల. కుర్చీ తోయడం, ఒళ్లు ఎత్తుకుని మారడం, విసరడం, అన్నీ భుజం ముందుభాగానివే. రబ్బరు బ్యాండుతో మోచేయి పక్కకి ఆనించి చెయ్యి బయటికి తిప్పడం, రోయింగ్, భుజం ఎముకలు వెనక్కి కలపడం, ఇవి వారానికి మూడు రోజులు. విసరడం వారానికి రెండు రోజులే. మొదటి నెల రోజుకి ఇరవై విసుర్లు దాటొద్దు, అవి కూడా ఒకటి రెండు కిలోల మెడిసిన్ బాల్‌తో సగం. తర్వాత మెల్లగా నలభైకి. విసిరే రోజున మంచం, కారు, ఫ్రేమ్ మధ్య మారడానికి నున్నటి ట్రాన్స్‌ఫర్ పలక వాడితే భుజానికి ఆ మేరకు ఊరట. ఆర్నెల్లలో స్టేట్ మీట్ అంటే క్లాసిఫికేషన్‌కీ అనుభవానికీ వెళ్లడమే, దూరం మీద ఆశ పెట్టొద్దు.

నెల్లూరు_ఫిజియో:
కావలి వారికి: సి6 వాళ్లకి క్లబ్ త్రో ఉంది. ఎఫ్51 క్లాస్, 397 గ్రాముల చెక్క క్లబ్ (సీసా ఆకారపు కర్ర), వేళ్ల పట్టు లేనివాళ్లు రెండు వేళ్ల మధ్య ఇరికించి విసురుతారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ధరంబీర్ 34.92 మీటర్లతో స్వర్ణం, ప్రణవ్ సూర్మా రజతం తెచ్చింది ఇందులోనే. (విసిరే సెక్టార్ కోణం కూడా 34.92 డిగ్రీలే, సరదాకి చెబుతున్నా.) దెబ్బ తగలకముందు హాకీ ఆడిన అమిత్ సరోహా కూడా ఈ క్లబ్ త్రోలోకే వచ్చారు.

అయితే ఒక హెచ్చరిక. డి6, అంతకన్నా పైన దెబ్బ ఉన్నవాళ్లకి ఆటోనమిక్ డిస్‌రెఫ్లెక్సియా వస్తుంది. బ్లాడర్ నిండినా, గొట్టం మెలిపడినా, బెల్టు గట్టిగా బిగిసినా, కాలిగోరు గుచ్చుకున్నా బీపీ ఒక్కసారిగా లేస్తుంది. తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, పైభాగంలో చెమట, రోమాలు నిక్కబొడుచుకోవడం దీని గుర్తులు. వీళ్లకి మామూలు బీపీయే 90 నుంచి 110 మధ్య ఉంటుంది కాబట్టి 140 చూసి "నార్మలే" అనుకోవద్దు. పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టి, బెల్టులు విప్పి, గొట్టం చూసి, తగ్గకపోతే 108. కొందరు బీపీ పెరిగితే బలం వస్తుందని కావాలనే తెచ్చుకుంటారు. పారాలింపిక్ నియమాల్లో అది నిషేధం, పోటీకి ముందు పైబీపీ 160, అంతకన్నా ఎక్కువ ఉంటే పది నిమిషాలాగి మళ్లీ చూసి, అప్పటికీ దిగకపోతే ఆడనివ్వరు. మీ పొదిలి కుర్రాడిది డి10 కాబట్టి ఈ భయం అతనికి చాలా తక్కువ.

పొదిలి_పీఈటీ:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. రెండే అనుమానాలు. కట్టేటప్పుడు కాళ్లు ఎగిరి బెల్టు జారిపోతోంది, ఏం చేయాలి? నొప్పికి, బిగుసుకోవడానికి మాత్రలు వాడుతున్నాడు, డోపింగ్‌లో ఇబ్బంది అవుతుందా?

నెల్లూరు_ఫిజియో:
కట్టే వరుస మార్చండి. ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, చివర తొడలు. మోకాలు వంచి, పాదం మొత్తం ప్లేటుకి ఆనించి, అరచేత్తో ముప్పై సెకన్లు నొక్కి ఉంచితే బిగువు వదులుతుంది, అప్పుడు బెల్టు వేయండి. ఎగురుతున్న కాలిని బలంగా లాగి కట్టొద్దు, ఎముక సంగతి పైన చెప్పాను. మామూలు కన్నా ఉన్నట్టుండి ఎక్కువ ఎగురుతుంటే ఆ రోజు సాధన ఆపి బ్లాడర్, మలబద్ధకం, చర్మం చూడండి. మూత్రం ఇన్‌ఫెక్షన్‌కి చాలాసార్లు అదే మొదటి గుర్తు. ఒకసారి కట్టాక ఇరవై నిమిషాలు మించొద్దు. కాల్‌రూమ్‌లో ఎదురుచూసేటప్పుడు సొంత వీల్‌చైర్‌లో గాలి దిండు మీదే ఉండాలి, ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చనివ్వకండి.

మాత్రల విషయానికొస్తే బాక్లోఫెన్, ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ నిషేధ జాబితాలో లేవు. పోటీకి ముందు చురుకుదనం కోసమని బాక్లోఫెన్ ఒక్కసారిగా మానేయొద్దు, ఫిట్స్ వస్తాయి. ట్రమడాల్ మాత్రం 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషేధం, నొప్పి మాత్రల్లో అది కలిపి ఉందేమో స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. పోటీ సమయంలో ప్రెడ్నిసోలోన్ మాత్రలు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కుదరవు. కాళ్ల వాపుకి ఇచ్చే మూత్రం మాత్రలు, అంటే ఫ్యూరోసెమైడ్ లాంటివి, ఎప్పుడైనా నిషేధమే. తప్పనిసరైతే డాక్టరు కాగితాలతో ముందే వైద్య మినహాయింపుకి దరఖాస్తు పెట్టుకోవాలి. మందుల షాపులో చీటీ లేకుండా కొనే జలుబు, నొప్పి మాత్రలు కూడా మిమ్మల్ని అడక్కుండా వేసుకోవద్దని కుర్రాడికి ఇప్పుడే చెప్పండి.

ఫీల్డ్_జడ్జి:
ఒక్క ముక్క కలుపుతాను. ఫ్రేమ్ పూర్తయ్యాక పైనుంచి, రెండు పక్కల నుంచి టేపు కనిపించేట్టు ఫొటోలు తీసి మీట్ నిర్వాహకులకి ముందే చూపించండి. మార్పు ఏదైనా చెబితే చీమకుర్తిలో గంటలో అయ్యే పని, పోటీ ఊళ్లో మధ్యాహ్నం పూట వెల్డర్ దొరకడు.